గేజీ చూడటం రాని కాలం

ఏమర్రా, బీపీ మిషన్ అంటే ఎప్పుడు చూసినా ఒకటే అంకె చూపించాలనుకున్నారా? కొన్నేళ్ల కిందట, సంక్రాంతికి ముందు, మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఒకటి పంపించాడు. నేను రైతుబజారు నుంచి రెండు సంచుల కూరగాయలు మోసుకొచ్చి, మూడో అంతస్తు ఎక్కి, ఇంకా చెప్పులైనా విప్పలేదు. మా మనవడు అట్టపెట్టె చించి, చొక్కా మీదే నా జబ్బకి పట్టీ చుట్టి, మీట నొక్కేశాడు. 158/94 అంది. “తాతయ్యా, హై!” అని అరిచాడు. మళ్లీ నొక్కాడు, 146/88. మూడోసారి 133/82. మూడింటికీ ఫొటోలు తీసి కుటుంబం వాట్సాప్‌లో పెట్టాడు. పది నిమిషాల్లో డల్లాస్ నుంచి అమ్మాయి, హైదరాబాదు నుంచి అబ్బాయి. మిషన్ చెడిపోయింది, వెనక్కి పంపించమని అమ్మాయి. కాదు, నాన్నకే ఏదో అయింది, పెద్ద డాక్టరుకి చూపించమని వీడు. ఈ గొడవ విని మా ఆవిడకి గుండెదడ, ఆమె చేతికి పట్టీ చుడితే ఆమెదీ 150!

మిషన్ చెడిపోలేదు, నాకూ ఏమీ కాలేదు. చెడింది చూసే పద్ధతి. అది మా రోజుల్లో అందరికీ ఉండేది, ఇప్పుడు ఎవరికీ లేదు.

మా రోజుల్లో బీపీ చూపించుకోవాలంటే బెజవాడ సూర్యారావుపేట వెళ్లాల్సిందే. డాక్టరుగారి ఇంటి ముందువైపే ఆసుపత్రి. వరండాలో పొడుగు చెక్కబల్ల, కాంపౌండరు గది కిటికీలోంచి మందుల వాసన. ఒక గంట, ఒక్కోసారి గంటన్నర కూర్చునేవాళ్లం. కూర్చుని ఏం చేసేవాళ్లం? ఏమీ చేసేవాళ్లం కాదు. ఎదురుగా గోడకున్న క్యాలెండరు చూసేవాళ్లం. పక్కన జ్వరంతో చంటిపిల్ల పడుకుని ఉంటే గట్టిగా మాట్లాడేవాళ్లం కాదు. లోపలికి పిలిచేసరికి బస్సు దిగి నడిచొచ్చిన ఆయాసమంతా చల్లారిపోయి ఉండేది. డాక్టరుగారు బల్లమీద పెట్టె తెరిచేవారు, చొక్కా చెయ్యి పైకి మడిపించేవారు. స్టెతస్కోపు చెవిలో పెట్టుకుని పాదరసాన్ని మెల్లగా దించుతుంటే గదిలో ఎవరూ నోరు మెదిపేవారు కాదు. కొంచెం ఎక్కువుందనిపిస్తే, “బయట కాసేపు కూర్చోవయ్యా, మళ్లీ చూద్దాం” అనేవారు. ఆ మళ్లీ చూడటంలోనే అసలు వైద్యం ఉండేది.

ఇప్పుడు? టోకెన్ నంబరు పిలవగానే పరుగు. ఆ మధ్య ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్తే, నర్సమ్మ నన్ను కాళ్లు వేలాడే ఎత్తు బల్లమీద కూర్చోబెట్టి, చొక్కా మీదే పట్టీ చుట్టి, “షుగరుందా? ఏం మందులు వాడుతున్నారు? తోడు ఎవరొచ్చారు?” అని అడుగుతూనే మీట నొక్కింది. నేను జవాబు చెబుతూనే ఉన్నాను. మాట్లాడుతూ చూస్తే అంకె పెరుగుతుంది. కాళ్లు నేలకి ఆనకపోతే పెరుగుతుంది, కాలిమీద కాలు వేసుకుంటే పెరుగుతుంది, మూత్రం ఆపుకుని కూర్చుంటే పెరుగుతుంది. ఇన్ని పెరుగుదలలూ కూడి ఒక చీటీ మీదకి ఎక్కాయి. దాన్ని బట్టి ఒక మాత్ర! ఆ పిల్ల తప్పు కాదులే, వెనకాల నలభైమంది నిలబడి ఉన్నారు. కానీ నిలబెట్టింది ఎవరు?

నేను నీటిపారుదల శాఖలో ముప్ఫై నాలుగేళ్లు చేశాను. ప్రకాశం బ్యారేజీ కింద కాలవల మీదే నా ఉద్యోగమంతా. ఇప్పుడు మీరు సెల్ఫీలు దిగే ఆ బ్యారేజీ 1957 నాటిది. దానికి ముందు వందేళ్లపాటు, 1855 నుంచీ, కాటన్ దొర హయాంలో కట్టిన ఆనకట్టే డెల్టాకి అన్నం పెట్టింది. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ – వీటి మీద ఎక్కడెక్కడ లాకులున్నాయో, ఏ లాకు దగ్గర ఏ లస్కరు ఎన్ని గంటలకి చుట్ట కాలుస్తాడో నాకు తెలుసు. మా పని ఏంటంటే గేజీ చూడటం. నీటిమట్టం ఎంతుందో పొద్దున అదే వేళకి, సాయంత్రం అదే వేళకి చూసి పుస్తకంలో రాయాలి. కొత్తలో నేను పడవ వెళ్లిన వెనకాలే గేజీ చూసి రాశాను. మా పెద్దాయన పుస్తకం చూసి, “ఇదేంట్రా, పొద్దుటికీ ఇప్పటికీ ఇంత తేడా? కాలవ తెగిందా?” అని అడిగాడు. పడవ వెళ్లిందండీ అన్నాను. “మరి నువ్వు రాసింది కాలవ మట్టమా, పడవ కెరటమా?” అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ముఖ్యమైన చోట్ల కాలవ పక్కనే చిన్న బావిలాంటిది కట్టి, కింద గొట్టంతో కాలవకి కలుపుతారు. కాలవలో గాలికి కెరటాలు లేచినా, పడవ వెళ్లినా, ఆ బావిలో నీళ్లు కదలవు. అసలు మట్టం అక్కడ తెలుస్తుంది. బీపీ చూసుకునే ముందు ఐదు నిమిషాలు కూర్చోమని డాక్టర్లు చెప్పేది అందుకేనర్రా! ఆ ఐదు నిమిషాలే మీ కాలవ పక్కన బావి. నా 158 మెట్లెక్కిన కెరటం. 146 దాని తోక. 133 దగ్గర నీళ్లు కాస్త నిలకడకి వచ్చాయి. దానికి ఖండాంతరాల నుంచి ఫోన్లు!

ఒంట్లో నెత్తురు పోటు గడియగడియకీ మారుతూనే ఉంటుంది. నిద్రలో మామూలుగా పదిశాతం నుంచి ఇరవైశాతం దాకా తగ్గుతుంది. తెల్లవారుజామున లేవబోయే వేళకి పైకి లేస్తుంది. ధనుర్మాసం చలిలో పెరుగుతుంది. బెజవాడ రోహిణికార్తె ఎండలో చెమటంతా పోయి తగ్గుతుంది. పోయినేడు మే నెలలో నేను మంచం మీంచి దిగ్గున లేచి, కళ్లు తిరిగి తలుపు పట్టుకున్నాను. కూర్చుని చూస్తే 124, నిలబడి చూస్తే 98. పెద్దవయసులో, అందులో నాలా బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి, నిలబడగానే ఇరవై పడిపోతే డాక్టరుకి చెప్పి తీరాలి. మారకుండా ఒకేచోట నిలబడే అంకె కోసం వెతుకుతున్నారు మీరు. అలా నిలబడేది చెరువు. ఒంట్లో ఉన్నది పారే నీళ్లు.

ఇంక మిషన్ సంగతి. 1896లో ఇటలీలో రివా-రోచీ అనే ఆయన జబ్బకి గాలిపట్టీ చుట్టి పాదరసంతో కొలిచే సాధనం చేశాడు. 1905లో రష్యాలో కొరోత్కోవ్ అనే డాక్టరు, పట్టీ కింద స్టెతస్కోపు పెడితే చప్పుడు మొదలైన చోట పై అంకె, ఆగిన చోట కింది అంకె అని చెప్పాడు. వందేళ్లకి పైగా ప్రపంచమంతా అలాగే విన్నది. మీ కొత్త మిషన్‌కి చెవులు లేవు. పట్టీలో గాలి, నాడి కొట్టినప్పుడల్లా అదిరే అదురుని పట్టుకుని, పై అంకెనీ కింది అంకెనీ లెక్కగట్టి చెబుతుంది. అందుకే మీరు చెయ్యి కదిపినా, దగ్గినా, నాడి లయ తప్పి కొడుతున్నా దాని లెక్క తడబడుతుంది. పాదరసం పోయిందని నేను చాలా రోజులు తిట్టుకున్నాను. తీరా తెలిసిందేంటంటే, జపాన్‌లో మినమాట అనే ఊళ్లో కార్ఖానా వదిలిన పాదరసం సముద్రంలో కలిసి, ఆ చేపలు తిన్నవాళ్లు కాళ్లూ చేతులూ పడిపోయి చచ్చారట. ఆ ఊరి పేరుతోనే 2013లో చాలా దేశాలు ఒప్పందం రాసుకుని, పాదరసం బీపీ మిషన్ల తయారీ ఆపడానికి 2020 గడువు పెట్టుకున్నాయి. బందరు చేప తిని పెరిగినవాణ్ణి, దానికి నేను అడ్డు చెప్పలేను.

సరే, మిషన్ మారింది. మర్యాద మారకూడదు కదా! పద్ధతి చెబుతాను, ఫోను పక్కన పెట్టి వినండి.

పొద్దున లేచి, మూత్రానికి వెళ్లొచ్చి, కాఫీ తాగకముందు, మాత్ర వేసుకోకముందు చూడాలి. కాఫీ, చుట్ట, నడక – వీటిలో ఏదైనా అయితే అరగంట ఆగాలి. వీపుకి ఆనుడున్న కుర్చీలో, పాదాలు నేలకి ఆనించి కూర్చోవాలి. పట్టీ బట్టమీద కాదు, ఒంటిమీద. మా ఆవిడ బిగుతు జాకెట్టు చెయ్యి పైకి లాగితే అది దారంలా బిగుసుకుని అదో తప్పు, వదులు జాకెట్టు వేసుకోవాలి. మా అల్లుడిలా పహిల్వాను జబ్బలున్నవాడికి మామూలు పట్టీ బిగుతై ఎక్కువ చూపిస్తుంది, పెద్దది కొనుక్కోవాలి. మణికట్టుకి కట్టుకునేవి నమ్మకండి, జబ్బకి కట్టేదే మేలు. మొదట్లో రెండు చేతులకీ చూసి, ఏ చెయ్యి ఎక్కువ చూపిస్తే ఇక ఎప్పుడూ ఆ చెయ్యే.

చెయ్యి బల్లమీద, పట్టీ గుండె ఎత్తున ఉండాలి. ఇది నీళ్లపనివాడిగా నాకు ఇట్టే ఎక్కింది. నీళ్లు ఎంత కిందికుంటే అంత ఒత్తిడి, నెత్తురైనా అంతే. బీపీ అంకె పాదరసం ఎత్తు లెక్క, ఆ పాదరసం నీళ్లకంటే పదమూడున్నర రెట్లు బరువు. కాబట్టి చెయ్యి గుండెకంటే పది సెంటీమీటర్లు కిందికి జారితే ఏడెనిమిది పాయింట్లు ఊరికే పెరుగుతాయి. ఒళ్లో చెయ్యి పెట్టుకుని చూసుకునేవాళ్లంతా ఆ పాయింట్లకి మాత్రలు మింగుతున్నారు.

అప్పుడు ఐదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవాలి. టీవీ లేదు, ఫోను లేదు, కోడలికి కేకలు లేవు. ఒకసారి చూసి, ఒక నిమిషం ఆగి రెండోసారి చూడాలి. సాయంత్రం మళ్లీ రెండు. ఇలా ఏడు రోజులు. మొదటి రోజు అంకెలు వదిలేసి, మిగిలిన ఆరు రోజులవీ కూడి సగటు తియ్యాలి. ఆ సగటే మీ బీపీ. అది 135/85 దాటుతుంటే ఎక్కువున్నట్టు. ఆసుపత్రిలో గీత 140/90, ఇంట్లో గీత కాస్త కింద. తెల్లకోటు చూస్తే పోటు పెరిగేవాళ్లున్నారు, వాళ్లకి ఇంటి పుస్తకమే సాక్షి. అక్కడ బాగుండి ఇంట్లో పెరిగేవాళ్లూ ఉన్నారు, వాళ్లకీ ఇంటి పుస్తకమే దిక్కు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పుస్తకంతో పాటు మిషన్ కూడా తీసుకెళ్లి, ఆయన మిషన్ పక్కన పెట్టి సరిచూసుకోండి. మేం గేజీలు కూడా సరిచూసేవాళ్లం.

ఒక్క అంకెకే కంగారు పడాల్సింది ఎప్పుడంటే, 180/120 దాటినప్పుడు. అప్పుడు కూడా ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ చూడండి. అంతే ఉంటే వెంటనే డాక్టరుకి చెప్పండి. దాంతో పాటు గుండెనొప్పి, ఆయాసం, ఒకవైపు చెయ్యీ కాలూ పట్టు తప్పడం, మాట ముద్దవడం, చూపు మసకబారడం – ఏది కనిపించినా ఇంక కూర్చోవడాలు లేవు, 108కి ఫోన్ కొట్టండి. బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశాక మేం పుస్తకం రాస్తూ కూర్చునేవాళ్లమా?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి బెజవాడలో సింగ్‌నగర్ మునిగింది. మా మరదలు కుటుంబం మేడమీద ఉండిపోయింది. అటు బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకి పైగా వరద. నేను మూడు రాత్రులు నిద్రపోలేదు, టీవీ ముందునుంచి లేవలేదు. చూసుకుంటే 172. వాళ్లు క్షేమంగా బయటికొచ్చాక వారం రోజుల్లో 130ల్లోకి దిగింది. ఆ వారం అంకెల పక్కన “వరద” అని రాసి పెట్టాను. అంకె పక్కన కారణం రాసే అలవాటు మాది. నిద్ర లేదు, పెళ్లిభోజనం, కొత్త ఆవకాయ అని రాసుకోండి, డాక్టరుకి మీ అంకెకంటే ఆ మాటే ఎక్కువ చెబుతుంది.

ఆవకాయ మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా. రోజుకి ఐదు గ్రాముల లోపు, అంటే చెంచాడు ఉప్పే తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మేం ఆవకాయ, గోంగూర, ఊరమిరపకాయలు, ఉప్పుచేప తిని, పొలంలో చెమటోడ్చి అంతా కక్కేసేవాళ్లం, మాకేం కాలేదు, మీకు ఏసీ గదుల్లో కూర్చుని ఈ రోగాలు వచ్చాయి అని నేను ఇరవై ఏళ్లు వాదించాను. 2003, 2004 సంవత్సరాల్లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో ఎవరు ఏ జబ్బుతో పోతున్నారో ఇల్లిల్లూ తిరిగి లెక్క రాశారు. చావుల్లో ఇంచుమించు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులే. ఏసీలు లేని ఊళ్లు, పొలాల్లో నడిచే మనుషులు, మన పక్క డెల్టావాళ్లు. ఆ లెక్క తెలిశాక నా వాదన అక్కడ ఆగిపోయింది.

అసలు అంతకుముందే ఆగాల్సింది. మా నాన్నది పామర్రు పక్క పల్లెటూరు. 1981లో ఆయనకి అరవై ఆరేళ్లు. తలనొప్పి అంటే నేనే తీసుకెళ్లి చూపించాను. 170 ఉంది. “వయసుకి వంద కలుపుకోవయ్యా, నీకు సరిగ్గానే ఉంది” అన్నారు డాక్టరుగారు. ఆ రోజుల్లో ఆ లెక్క చాలామంది చెప్పేవారు, మేం నమ్మేవాళ్లం. 1945లో అమెరికా ప్రెసిడెంట్ రూజ్వెల్ట్ అంతటివాడు, పోటు 200 దాటి తిరుగుతూ, మెదడులో నరం చిట్లి పోయాడు. అప్పుడు సరైన మందులు లేవు. 1949లో మన బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్, నాటువైద్యులు వాడే సర్పగంధి వేరు పోటు తగ్గిస్తుందని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాక ప్రపంచం అటు చూసింది. 1981కి మందులున్నాయి. మాకు తెలివి లేదు. నాలుగు నెలలకి నాట్ల వేళ గట్టుమీద కూలిపోయాడు నాన్న. నోరు వంకరపోయింది, కుడిపక్క పడిపోయింది. ట్రాక్టరు దొరికి, బెజవాడ పెద్దాసుపత్రికి చేర్చేసరికి సగం రోజు గడిచింది. 108 బండ్లు వచ్చింది 2005లో. తర్వాత రెండేళ్లు బతికాడు, నన్ను పేరు పెట్టి పిలవలేకపోయాడు.

అందుకని మా రోజుల్లో అంతా బాగుందని నేను చెప్పను. కూర్చోవడం మాకొచ్చు, రాసుకోవడం రాలేదు. కాలవకి రోజుకి రెండుసార్లు గేజీ చూసి రాసినవాణ్ణి, నాన్నకి జీవితంలో ఒక్కసారి చూపించాను. మీకు మిషన్ ఇంట్లోనే ఉంది, మందు చవగ్గా ఉంది. లేనిది ఐదు నిమిషాలు. ఇంకోటి, అంకె బాగుందని మాత్ర మానెయ్యకండి. నేను 118 చూసి మానేశాను, నాలుగు రోజులకి 168కి ఎక్కింది. గేట్లు వేశాం కాబట్టే కదా మట్టం నిలిచింది, నిలిచిందని గేట్లు పీకేస్తామా?

కిందటి సంక్రాంతికి మా అబ్బాయి వచ్చాడు. నలభై ఒక్కేళ్లు, కంప్యూటరు ఉద్యోగం, తలనొప్పి కూడా ఎరగడు. నా పద్ధతి చూసి, “నాన్నా, నాకూ చూడు” అని నవ్వుతూ చెయ్యి పెట్టాడు. కూర్చోబెట్టాను. ఐదు నిమిషాల్లో మూడుసార్లు ఫోను కోసం జేబు తడుముకున్నాడు. 148/96. నవ్వు ఆగిపోయింది. మర్నాడు 150/94. హైదరాబాదు వెళ్లి ఏడు రోజులు చూస్తే సగటు 146/93. ఇప్పుడు మాత్ర వాడుతున్నాడు, ఉప్పు తగ్గించాడు.

వాడు అంకెలన్నీ ఫోన్‌లో ఏదో యాప్‌లో పెట్టుకుంటాడు, అది గీతలు గీసి చూపిస్తుందట. నాకు గీతలు అక్కర్లేదు. పాత పద్దుపుస్తకం ఒకటి తీసి, మొదటి పేజీలో మా నాన్న పేరు రాశాను. కింద ఒక్కటే వరస: 1981, 170. తర్వాత పేజీలు నావి. ఆ తర్వాతవి వాడివి, ఇప్పటికి నాలుగు పేజీలు నిండాయి. రోజూ పొద్దున ఆరున్నరకి ఫోన్ చేసి చెప్పించుకుంటాను. విసుక్కుంటాడు, విసుక్కోనీ. చెప్పగానే రాయను. “ఐదు నిమిషాలు కూర్చుని చూశావా?” అని అడుగుతాను. కూర్చోకుండా చూసిన అంకె నా పుస్తకంలోకి ఎక్కదు.